టర్కీ వేటకి మౌత్ కాలా, చేతి కాలా? మౌత్ కాల్ అయితే ఏది కొనాలి?

ఫిబ్రవరి వచ్చిందంటే తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు: "అన్నా, ఈసారి టర్కీ వేటకి వెళ్దామనుకుంటున్నా. మౌత్ కాల్ కొననా, బాక్స్ కాల్ కొననా?" కాల్ అంటే అడవి టర్కీ కోడి కూతని తీసే చిన్న పరికరం. మౌత్ కాల్ నోట్లో అంగిలికి పెట్టి ఊదేది, బాక్స్ కాల్ చేత్తో పలికించేది. నేను ముందు రెండు విషయాలు అడుగుతాను. సీజన్‌కి ఇంకా ఎన్ని వారాలుంది? డాక్టర్ గొంతు చూడటానికి నాలుక మీద పుల్ల పెడితే నీకు డోకు వస్తుందా? ఈ రెండిటికీ జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే.

నేనుండేది అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో. ఇక్కడ స్ప్రింగ్ సీజన్ ఏప్రిల్ మూడో వారంలో మొదలై మూడు వారాలు నడుస్తుంది. కాల్స్ అన్నీ పెట్టలా పలకడానికే. చెట్టు మీద పడుకున్న పుంజు తెల్లవారుజామునే గాబుల్ చేస్తుంది. సహజంగా అయితే ఆ కూత విని పెట్టే దాని దగ్గరికి నడిచి వెళ్తుంది. మనం పెట్టలా కూసి పుంజునే మన దగ్గరికి రమ్మంటున్నాం. అంటే దాని అలవాటుకి ఎదురు అడుగుతున్నాం. అందుకే చాలా పుంజులు 60, 70 గజాల దాకా వచ్చి ఆగిపోతాయి. పురి విప్పి అక్కడే నిలబడి, పెట్ట కనిపిస్తుందేమోనని చూస్తుంటాయి. ఇక్కడివాళ్లు దీన్ని 'హ్యాంగ్ అప్' అంటారు.

మన పల్లెల్లో ఒకప్పుడు కౌజుల్ని పట్టేవాళ్లు పెంపుడు పిట్టని దీమంగా పెట్టి, దాని కూతతో మిగతావాటిని రప్పించేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన దేశంలో వేటకి చోటు లేదు కాబట్టి ఆ విద్య ఇప్పుడు పెద్దవాళ్ల మాటల్లోనే వినిపిస్తుంది. ఇక్కడ ఆ దీమం మన చేతిలో ఉండాలా, నోట్లో ఉండాలా అన్నదే ప్రశ్న.

చేతి కాల్స్ సంగతి

బాక్స్ కాల్ అంటే సన్నటి చెక్కపెట్టె, దాని మీద తెడ్డులాంటి మూత. మూతకి సుద్ద రాసి పెట్టె అంచు మీద లాగితే పెట్ట కూత వస్తుంది. ఇది కొత్తదేం కాదు. ఆర్కన్సాలోని డార్డనెల్ ఊరివాడు హెన్రీ గిబ్సన్ 1897లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మొదటిరోజే పనికొచ్చే కూత తీయొచ్చు. గట్టిగా వినిపిస్తుంది, గాలి వీచే రోజున దూరం వెళ్తుంది. వాన పడితే మాత్రం కష్టం, చెక్క తడిస్తే పలకదు. రెండు చేతులూ కదలాలి.

పాట్ కాల్ నాకు ఇష్టమైనది. అరచేతిలో పట్టే గుండ్రటి గిన్నె, పైన పలకరాయో గాజో అల్యూమినియమో బిగించి ఉంటుంది. స్ట్రైకర్ అనే పుల్లతో దాని మీద చిన్న చిన్న సున్నాలు చుడితే కూత వస్తుంది. పలకరాయి మెత్తగా పలుకుతుంది, దగ్గరున్న పక్షికి బాగుంటుంది. గాజు, అల్యూమినియం పదునుగా దూరం పోతాయి. ఒక వారం సాధన చేస్తే క్లక్, పర్ర్ లాంటి సన్న కూతలు మౌత్ కాల్ కంటే అందంగా వస్తాయి. ఉపరితలాన్ని అప్పుడప్పుడూ ఇసుక కాగితంతో గరుకు చేసుకోవాలి, వేలి నూనె తగలనివ్వకూడదు.

పుష్ బటన్ కాల్ చిన్న పెట్టె, పుల్లని నొక్కితే చాలు. పదేళ్ల పిల్లలు కూడా వాడగలరు. కూతల్లో రకాలు తక్కువ, అయినా సీజన్‌కి నాలుగు రోజులే ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఎలక్ట్రానిక్ కాల్ గురించి ఆలోచించొద్దు, చాలా రాష్ట్రాల్లో టర్కీ మీద అది వాడటం నిషేధం.

ఇవన్నీ ఇంత బాగుంటే మౌత్ కాల్ ఎందుకు? నా రెండో సీజన్‌లో జరిగింది చెప్తాను. ఓక్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాను, తుపాకి మోకాలి మీద, పాట్ కాల్ ఒళ్లో. పుంజు 45 గజాల దాకా వచ్చి పడిపోయిన మాను వెనక ఆగింది. తల మాత్రం కనిపిస్తోంది, ఎర్రగా, నీలంగా, నడినెత్తి తెల్లగా. ఇంకో ఐదారు అడుగులు ఇటు వేస్తే చాలు. దానికి కావాల్సింది ఒకే ఒక్క మెత్తటి క్లక్. స్ట్రైకర్ కోసం చెయ్యి రెండంగుళాలు జరిపాను. "పట్" అని ఒక్క శబ్దం, అది టర్కీ భయపడినప్పుడు చేసేది. మాను వెనక తల మాయమైంది. టర్కీ కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, వెనక కొద్ది భాగం తప్ప చుట్టూ కనిపిస్తుంది. రంగులు కనిపిస్తాయి, కదలిక ఇంకా బాగా కనిపిస్తుంది. చివరి 50 గజాల్లో చేతులు తుపాకి మీద నుంచి కదలకూడదు. మౌత్ కాల్‌కి ఉన్న అసలు విలువ అంతా ఆ చివరి 50 గజాల్లోనే ఉంది.

కాబట్టి నా సలహా: ఏది ఎంచుకున్నా మౌత్ కాల్ ఒక్కటే కొనొద్దు. దూరం నుంచి పిలవడానికి చేతి కాల్ ఒకటి, దగ్గరికొచ్చాక మాట్లాడటానికి మౌత్ కాల్ ఒకటి. మౌత్ కాల్‌లో మీకు మెత్తటి క్లక్, నాలుగు చిన్న యెల్ప్‌లు, అంటే "కీ-అక్" అనే కూతలు, వస్తే చాలు, ఆ సీజన్‌కి అది పనికొస్తుంది. పోటీల్లో పలికేవాళ్లలా పలకాలని మొదటి ఏడాదే టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు. అడవిలో నిజం పెట్టలు కూడా ఒక్కోసారి గొంతు జీరపోయి, తాళం తప్పి కూస్తాయి. ఎప్పుడు కూయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది గొంతు కంటే ఎక్కువ పని చేస్తుంది.

మౌత్ కాల్‌లో ఏముంటుంది

గుర్రపు లాడం ఆకారంలో చిన్న ఫ్రేమ్, అల్యూమినియందో ప్లాస్టిక్‌దో. దాని మీద లాగి బిగించిన పల్చటి రబ్బరు పొర, అదే రీడ్. చుట్టూ ప్లాస్టర్ లాంటి టేప్. అంగిలికి అంటించి, నాలుకతో కింద నుంచి ఆనించి, రీడ్‌కీ నాలుకకీ మధ్య గాలి పంపితే రీడ్ అదిరి కూత వస్తుంది. సన్నాయి పీక చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ పెదాలు చేసే పని ఇక్కడ నాలుక చేస్తుంది. పీకలాగే ఇది కూడా తడిస్తేనే పలుకుతుంది.

షాపులో గోడ నిండా వేలాడుతుంటాయి, రంగురంగుల టేపులు, ఒక్కో దాని మీద ఒక్కో కట్ పేరు. కట్ అంటే రీడ్‌ని కోసిన తీరు. కొత్తవాళ్లందరూ కట్ చూసి కొంటారు. నేను చెప్పేది, ముందు సైజు చూడండి. మీ అంగిలికి సరిగ్గా కుదరని కాల్‌తో ఎంత మంచి కట్ ఉన్నా కూత రాదు. రెండు మూడు వారాలు ప్రయత్నించి "నాకు రాదు" అని వదిలేసినవాళ్లని చూశాను. వాళ్లలో సగం మందికి కాల్ మార్చగానే వచ్చేసింది.

సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి. లాడం తెరిచి ఉన్న వైపు పెదాల వైపుకి రావాలి. ఏ ముఖం పైకి ఉండాలో కంపెనీ టేప్ మీద గాటో గుర్తో పెడుతుంది, ప్యాకెట్ మీద బొమ్మ చూడండి. నాలుకతో అంగిలికి నొక్కి "ష్ష్" అని గాలి వదలండి. గాలి కాల్ పైనుంచి, అంటే టేప్‌కీ అంగిలికీ మధ్య నుంచి పోతుంటే కాల్ చిన్నదైనట్టు, లేదా ఫ్రేమ్ వంపు చాలనట్టు. రెండు చివరలూ బొటనవేళ్లతో పట్టుకుని అతి కొద్దిగా వంచండి. వెనక అంచు గొంతుకి తగిలి డోకు వస్తుంటే, లేదా పక్కలు పళ్లకి ఎక్కుతుంటే కాల్ పెద్దది. గోళ్ల కత్తెరతో టేప్‌ని ఒక్కో మిల్లీమీటరు కత్తిరిస్తూ, ప్రతిసారీ నోట్లో పెట్టి చూసుకోండి. ఒకేసారి ఎక్కువ కోస్తే మళ్లీ అతకదు. సన్నటి అంగిలి ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, పిల్లలకి చిన్న ఫ్రేమ్ కాల్స్ వేరే దొరుకుతాయి. వాటి మీద 'యూత్' అని రాసి ఉంటే పెద్దవాళ్లు మొహమాటపడొద్దు. మా ఇంట్లో ఆవిడ వాడేది అదే, నాకంటే శుభ్రంగా పలుకుతుంది.

డోకు వచ్చేవాళ్లు ఒక పని చేయండి. మొదటి వారం ఊదకండి. రోజూ ఓ పావుగంట కాల్ నోట్లో పెట్టుకుని ఊరికే ఉండండి, టీవీ చూస్తూనో గిన్నెలు కడుగుతూనో. నోరు దానికి అలవాటు పడాలి. అప్పటికీ తగ్గకపోతే ఇది మీ వస్తువు కాదు, పాట్ కాల్‌తో హాయిగా వేటాడొచ్చు. పై పళ్ల సెట్ అంగిలిని కప్పేసేవాళ్లకి కూడా ఇది కుదరడం కష్టం. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే దద్దుర్లు వచ్చేవాళ్లు మామూలు మౌత్ కాల్ అసలు ముట్టుకోవద్దు. రీడ్ లేటెక్స్‌దే. లేటెక్స్ లేనివి అని ప్యాకెట్ మీద స్పష్టంగా రాసినవే చూసుకోవాలి.

రీడ్లు, కట్లు

ఒకే రీడ్ ఉండి, కట్ ఏమీ లేని కాల్ అతి తక్కువ గాలికే పలుకుతుంది. గొంతు సన్నగా, శుభ్రంగా ఉంటుంది. గట్టిగా ఊదితే మాత్రం ఆ గొంతు పగిలిపోతుంది. శరత్కాలంలో తప్పిపోయిన పిల్ల టర్కీలు చేసే కీ-కీ కూతకి బాగుంటుంది.

రెండు రీడ్లు, కట్ లేకుండా లేదా అతి చిన్న కట్‌తో ఉన్నది కొత్తవాళ్లకి నా మొదటి ఎంపిక. గాలి మరీ ఎక్కువ అడగదు, తప్పు చేస్తే వెంటనే చెవికి తెలుస్తుంది. తప్పు తెలియడం నేర్చుకునేవాళ్లకి చాలా ముఖ్యం. ఘోస్ట్ కట్ అని ఇంకో రకం ఉంది, మధ్యలో రెండు చిన్న చీలికలు మాత్రమే ఉంటాయి. అది కూడా తేలిగ్గా పలుకుతుంది. డబుల్ రీడ్ దొరక్కపోతే దాన్ని తీసుకోండి.

మూడు రీడ్లు, వి కట్ ఉన్నవాటికి జీర ఎక్కువ, ముసలి పెట్ట గొంతులా ఉంటుంది. వినడానికి షాపులో అదే అదిరిపోతుంది, అందుకే అందరూ అదే కొంటారు. గాలి బాగా కావాలి, నాలుక ఒత్తిడి స్థిరంగా ఉండాలి. రెండో ఏడాది కొనండి. కట్టర్ అనే రకంలో కోత ఒక పక్కకి ఉంటుంది. వేగంగా, పదునుగా వరస క్లక్‌లు వేయడానికి, అంటే 'కటింగ్'కి, అది బాగుంటుంది. నోటి ఒక పక్క నుంచి గాలి వదిలే అలవాటు ఉన్నవాళ్లకి చాలా బాగా కుదురుతుంది. బ్యాట్ వింగ్, స్ప్లిట్ వి లాంటివి ఆ తర్వాత రుచిని బట్టి. మొత్తం మీద రీడ్లు, కట్లు పెరిగేకొద్దీ జీర పెరుగుతుంది, అడిగే గాలీ పెరుగుతుంది. అంతకుమించి సూత్రం లేదు.

ధర సుమారు 8 నుంచి 15 డాలర్లు. మూడు రకాలు కలిపి అమ్మే ప్యాక్ దొరికితే అది తీసుకోండి, ఏది మీ నోటికి పడుతుందో ఇంట్లో తేలిపోతుంది. ఒక్కటి కొని సర్దుకుపోదామనుకుంటే ఎక్కువ కాలం వృథా అవుతుంది.

నేర్చుకోవడం తెలుగు నోటితో

ఇంగ్లీషు వీడియోల్లో యెల్ప్ కోసం "చాప్", "చాక్" లాంటి మాటలు పలకమంటారు. మనం "చక్" అనుకుంటే సరిపోతుంది. దానికి కారణం ఉంది. "చ" పలికినప్పుడు నాలుక ముందుభాగం వెడల్పుగా అంగిలికి ఆనుతుంది, సరిగ్గా రీడ్ ఉండే చోట. మనవాళ్లు కొంతమంది తెలియకుండా "ట" పెడతారు. మన "ట"కి నాలుక కొన వెనక్కి మడుస్తుంది, అది రీడ్‌ని పొడిచి మూసేస్తుంది. నాకు పది రోజులు కూత రాకపోవడానికి అదే కారణమని తర్వాత తెలిసింది. నాలుక కొన కింది పళ్ల వెనక వదిలేయండి, పని అంతా మధ్యభాగంతోనే.

ముందు "ష్ష్" అని వదులుతూ నాలుకని నెమ్మదిగా బిగిస్తూ పోండి. ఒకచోట గాలి శబ్దం పోయి సన్నటి కీచు స్వరం వస్తుంది. దాన్ని మూడు నాలుగు సెకన్లు కదలకుండా పట్టండి. నాలుగైదు రోజులు ఇదే. తర్వాత ఆ స్వరం పట్టి ఉండగా దవడని కిందికి వదలండి, నాలుక కొంచెం సడలుతుంది, స్వరం కిందికి జారి జీరబోతుంది. పైది "కీ", కిందిది "అక్". రెండూ అతుక్కుని "కీ-అక్" అయినప్పుడు అది యెల్ప్. గాలి బుగ్గల నుంచి కాదు, పొట్ట నుంచి రావాలి, చలిలో అద్దం మీద ఆవిరి ఊదినట్టు. చెయ్యి పొట్ట మీద పెట్టి చూడండి, ప్రతి కూతకీ చిన్నగా తోయాలి.

క్లక్ కోసం పెదాలు మూసి "పక్" అని విడదీయండి, చాలా చిన్నగా. నేను ముందు చెప్పిన మాను వెనక పుంజుకి కావాల్సింది ఇదే. పర్ర్ అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. మన "ర" తిప్పడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే నాలుక రీడ్‌ని పట్టుకుని ఉంది. పెదాల్ని వదులుగా ఆడించండి, లేదా నీళ్లు లేకుండా గొంతులో పుక్కిలించినట్టు చేయండి. రాకపోతే ఈ ఏడాదికి పాట్ కాల్‌తోనే పర్ర్ చేయండి, ఏమీ తప్పు లేదు.

ప్రాక్టీస్‌కి కారు మంచి చోటు. ఇంట్లోవాళ్ల ప్రాణం తీయకుండా రోజూ ఆఫీసుకి వెళ్లొస్తూ ఓ అరగంట దొరుకుతుంది. మనుషులు చేసిన కూతల కంటే నిజం పెట్టల రికార్డింగులు వినండి. కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం వాళ్ల మెకాలే లైబ్రరీలో, 1973లో మొదలైన నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. మీ కూత ఫోన్‌లో రికార్డ్ చేసి, ఫోన్‌ని గదికి అవతల పెట్టి వినండి. పుర్రె లోపల మోగే శబ్దం వేరు, బయటికి వినిపించేది వేరు. వినాల్సింది ముఖ్యంగా తాళం. పెట్ట ఒక వరసలో ఎన్ని యెల్ప్‌లు వేస్తుంది, మధ్యలో ఎంత విరామం ఇస్తుంది అన్నది. ఒక్క మాట: సీజన్‌కి ముందు అడవికెళ్లి అక్కడున్న పుంజుల మీద సాధన చేయొద్దు. పిలిచి మనిషి కనిపిస్తే ఆ పుంజు ఆ కూతని గుర్తుపెట్టుకుంటుంది.

సీజన్‌కి రెండు నెలలుంటే రెండు రీడ్ల మౌత్ కాల్, ఒక పలకరాయి పాట్ కాల్ కొనండి. నెలే ఉంటే పాట్ కాల్ మీద బలం పెట్టి, మౌత్ కాల్‌తో క్లక్ ఒక్కటి నేర్చుకోండి. వారమే ఉంటే బాక్స్ కాల్ లేదా పుష్ బటన్, మౌత్ కాల్‌ని వచ్చే ఏడాదికి వదిలేయండి. విల్లుతో వేటాడేవాళ్లకి రెండు చేతులూ విల్లు మీదే ఉంటాయి కాబట్టి, ఎంత కష్టమైనా మౌత్ కాల్ నేర్చుకోవాల్సిందే.

దాచుకోవడం, జాగ్రత్తలు

లేటెక్స్‌కి ఎండ, వేడి పడవు. ట్రక్ డ్యాష్‌బోర్డ్ మీద ఒక్క మధ్యాహ్నం వదిలేస్తే రీడ్ సాగి పాడవుతుంది. వాడాక మంచినీళ్లతో కడిగి, రీడ్ల మధ్య చదునైన టూత్‌పిక్ దూర్చి ఆరనివ్వండి, లేకపోతే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆరాక చిన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. సీజన్ ముందు సాధనకి వాడినదాన్ని సీజన్‌కి తీసుకెళ్లొద్దు, దానిలాంటిదే కొత్తది రెండు మూడు రోజులు పలికించి వెంట తీసుకెళ్లండి. ఒకరి కాల్ ఇంకొకరు నోట్లో పెట్టుకోవద్దు. కొండ ఎక్కుతూ, పరిగెత్తుతూ నోట్లో ఉంచుకోవద్దు, గొంతులోకి జారొచ్చు.

మీరు ఎంత బాగా పలికితే అంత జాగ్రత్త కావాలి. ఆ కూత విని పుంజులే కాదు, ఇంకో వేటగాడూ రావొచ్చు. ఎరుపు, తెలుపు, నీలం రంగు బట్టలు ఏవీ వద్దు, చేతి రుమాలుతో సహా. పుంజు తల రంగులు అవే. మీ భుజాల కంటే వెడల్పైన చెట్టుకి వీపు ఆనించండి. మనిషి వస్తున్నట్టు కనిపిస్తే చెయ్యి ఊపొద్దు, కూత వేయొద్దు, నోట్లోంచి కాల్ తీసి గట్టిగా మాట్లాడండి. మీకు వినిపించే పెట్ట కూత దగ్గరికి మీరు పాకుతూ వెళ్లొద్దు, అది మనిషై ఉండొచ్చు.

మనవాళ్లలో చాలామంది హెచ్-1బి మీద ఉన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది. లైసెన్స్ గడువు తీరితే ఆ మినహాయింపు కూడా పోతుంది. స్నేహితుడి తుపాకి చేతిలోకి తీసుకునే ముందే ఈ కాగితాలు సరిచూసుకోండి, అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి. ఇక మిస్సోరిలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్స్ కోసం హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలి. ఆ కోర్సు ఫిబ్రవరిలో మొదలుపెట్టండి, కాల్ కూడా అదే వారం కొనండి. రెండూ ఏప్రిల్‌కి అందుకుంటాయి.